కరువు నేలపై రక్షణచింత

క్రైస్తవ మార్గమున నడువగోరువానికి మొట్టమొదట వినవచ్చు బోధలలో నొకటి, దైవరాజ్యమును ముందుగా వెదకవలెననియు, కూడు గుడ్డల చింత దాని వెనుక రావలెననియు చెప్పునది. ఈ బోధ ఎల్లయెడల ఒక్కటియే యైనను, వినువాని కాలి క్రింది నేలను బట్టి దాని బరువు మారుచుండును. కాలువ నీరు పారు కృష్ణా గోదావరీ మండలములలో గాదె నిండిన గృహస్థు దీనిని వినునపుడు, ఇది అతని లోభమునకు వేసిన కళ్లెముగా తోచును. ఉన్నదానిలో కొంత విడువుమని మాత్రమే అది అతని నడుగుచున్నది. అదే మాటను అనంతపురము మెట్టలో, సంక్రాంతి రాకమునుపే గింజలు నిండుకొన్న యింటి యజమాని వినునపుడు, విడుచుటకు తనవద్ద ఏమి మిగిలినదని లోలోపల ప్రశ్నించుకొనక మానడు. మొదటివానికి ఐహికచింత యనగా సంపదను గూర్చిన ఆశ. రెండవవానికి ప్రాణమును గూర్చిన భయము. ఈ రెండింటిని ఒకే పేరున పిలిచి, ఒకే స్వరమున ఖండించు ఉపదేశకుడు గ్రంథములు చదివినవాడు కావచ్చును గాని, మనుష్యులను చదివినవాడు కాడు.

ఈ సీమ స్వభావము నెరుగనిదే ఈ ప్రశ్నలోని తీవ్రత బోధపడదు. నైరృతి ఋతుపవనములు తమ నీటిలో నధికభాగమును పడమటి కనుమల కావలనే కురిసివేసి, తేలికపడిన మేఘములతో ఇటు వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమున విజృంభించి, ఇంత లోపలి కెక్కి వచ్చునప్పటికి నీరసించును. ఇట్లు రెండు ఋతువులకును చివరిదైన ఈ పీఠభూమిపై ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఆ సగటునైనను నమ్మరాదు; ఏలయన మృగశిరలో పడవలసినది ఆశ్లేషలో పడుటయు, నెల దినములకు సరిపోవలసినది రెండు దినములలో కురిసి వంకల పాలగుటయు ఇక్కడ పరిపాటి. పెన్నయు చిత్రావతియు సంవత్సరములో నధికకాలము ఇసుక దారులే. ఎర్రనేలలో పదును చూచి, గొర్రు కట్టి, వేరుసెనగ విత్తిన రైతు మొలక వచ్చినదని సంతసించుటకు వీలులేదు. ఊడలు దిగు వేళ బెట్ట పట్టినచో చెట్టు పచ్చగానే యుండును గాని, పెరికి చూచినపుడు కాయ యుండదు. విత్తనము అప్పు, ఎరువు అప్పు, బోరు అప్పు. ఆ పిమ్మట మిగిలిన దారి బెంగుళూరు పోవు బస్సు. 1952 ప్రాంతమున గంజికేంద్రముల ముందు వరుసలు తీరిన తరమువారి కడగండ్లు ఈ సీమ యింకను మరువలేదు. తరిమెల గ్రామమున జన్మించిన విద్వాన్ విశ్వము తన పెన్నేటిపాటకు ఈ దైన్యమునే వస్తువుగా గైకొనెను. ఇట్టి లెక్కలలో బ్రదుకు మనుష్యునితో మోక్షమును గూర్చి పలుకబూనువాడు తన మాటకు తానే మొదట జవాబుదారి కావలెను.

అయినను ఈ నేల క్రీస్తు నామమునకు క్రొత్తది కాదు. 18వ శతాబ్దపు తొలి దశకములలోనే కర్ణాట మిషనునకు చెందిన ఫ్రెంచి జెస్విట్ గురువులు కృష్ణాపురము, ముదిగుబ్బ ప్రాంతములలో తెలుగు నేర్చి, సన్న్యాసి వేషమున సంచరించి బోధించిరి. వారి బోధను స్వీకరించిన రెడ్డి కుటుంబములలో ననేకము తరువాతి కాలమున కరువులకును, దండుల రాకపోకలకును తాళలేక తూర్పునకు తరలి, ఫిరంగిపురము మొదలగు గుంటూరు సీమ గ్రామములలో స్థిరపడినవి. ఆ వలసను నిదానించి చూచినచో ఒక సంగతి స్పష్టము. వారు పొలమును విడిచిరి, విశ్వాసమును విడువలేదు. బ్రదుకుదెరువు వెదకికొనుచు పోవుట అవిశ్వాసమని వారి గురువులుగాని వారుగాని తలపలేదు. అటుపిమ్మట లండను మిషనరీ సంఘము 1810లో బళ్లారియందును, 1822లో కడపయందును నెలకొని, ఆ శతాబ్దపు చివరి దశకములలో గుత్తి, అనంతపురములకు విస్తరించి, ముఖ్యముగా మాల మాదిగ పల్లెలలో సంఘములను కట్టెను. ఆ సంఘములే 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో కలిసి, నేడు రాయలసీమ డయాసిసులో నున్నవి.

ఈ రెండవ ప్రవేశముతోనే ఒక అపవాదము కూడ పుట్టినది. కూటికొరకు కోటి విద్యలను సామెత యున్నదిగదా. ఆ కోటిలో మతము మారుటయు ఒకటి యనియు, గంజి పోసినవాని దేవుని కొలుచుట పేదవానికి సహజమనియు పలువురు పలికిరి, నేడును పలుకుచున్నారు. ఈ అపవాదమును కోపముతో త్రోసివేయుట సులభము. దానిని పరీక్షకు నిలిపిన ఉదాహరణము తెలుగు దేశములోనే యున్నది గనుక, దానిని విచారించుట మేలు.

1876 మొదలు 1878 వరకు దక్కనును దహించిన ధాత కరువులో దత్తమండలము లన్నిటికన్న అధికముగ నష్టపడినవి. అనంతపురము నాటికి బళ్లారి జిల్లాలోని భాగమే. ప్రత్యేక జిల్లా యగుట 1882లో. ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపులు కరువుపనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయింపగా, మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు అది ప్రాణము నిలుపుటకు చాలదని ఎదిరించెను. ఆ దినములలో ఒంగోలున అమెరికను బాప్తిస్టు మిషను పక్షమున నున్న జాన్ క్లౌ దొర, బకింగుహాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలకొలది పేదలకు పని కల్పించి కూలి యిచ్చెను. ఆ పని జరుగుచుండగా జనులు గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మ మిమ్మని వేడిరి. ఆయన ఇయ్యలేదు. సుమారు పదునైదు నెలల కాలము, కరువు సాయము సాగుచున్నంతవరకు, ఒక్కరికైనను బాప్తిస్మ మియ్యక నిలిపివేసెను. సాయము ముగిసి, పంచుటకు ధాన్యముగాని కూలిగాని లేని 1878 జూన్ నెలలో మాత్రమే తలుపు తెరచెను; అపుడును జనులు వచ్చిరి. జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్య పుస్తకములలో పదేపదే కనబడును. దానికి ముందు నడచిన పదునైదు నెలల నిరాకరణము అంతగా కనబడదు. నా మట్టునకు ఈ ప్రశ్నకు సంబంధించిన సారమంతయు ఆ నిరాకరణములోనే యున్నది. అన్న మియ్యవలసినపుడు విశ్వాసము నడుగకుండుటయు, విశ్వాసమును స్వీకరింపవలసినపుడు అన్నము నడ్డము రానీయకుండుటయు అను రెండు మర్యాదలను ఆయన ఒకేసారి పాటించెను. బాప్తిస్మమునకు ముందు వరుస యిచ్చినవాడు గనుకనే దానిని ధాన్యపు మూటతో కలిపి తూచుట కొప్పుకొనలేదు. కృతజ్ఞతయు ఒక విధమైన వెలయే కదా యని ఆక్షేపించువా రుండవచ్చును. కాని ఉపకారము చేసినవాని దైవమేమో తెలిసికొనగోరుట మనుష్యస్వభావము. అమ్ముడుపోవుట వేరు, ఆకర్షింపబడుట వేరు. మరియు ఈ కథ కరువుతో మొదలైనది కాదు. పదేండ్లకు పైగా ముందే, 1866లో, యర్రగుంట్ల పేరయ్య యను తోళ్ల వర్తకుడు భార్యాసమేతముగ బాప్తిస్మము పొందియుండెను. అతడు అంతకుమున్ను యోగమార్గమున గురువుల నాశ్రయించి ముక్తిని వెదకినవాడు. మాదిగపల్లెలలో నాడు గురువుల బోధలు, తత్త్వములు, రాత్రివేళల భజనలు విరివిగ నుండెడివి. చెప్పులు కుట్టు చేతులు మోక్షమును గూర్చి ఆలోచింపవని తలచినది పై కులములవారే గాని, ఆ చేతులు కలవారు గాదు.

ఆ తొలి విశ్వాసులకు విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. పై చూపునకు ఇవి కేవల మతసంబంధములు. కాని మోతుబరి కళ్లమున వంశపారంపర్యముగ చాకిరి చేయు మనుష్యుడు ఏడవ దినమున రానని చెప్పుట ఎంత సాహసమో, జాతరలో డప్పు కొట్టనని చెప్పుట ఎన్ని దెబ్బలకు మూలమో ఊహించుడు. వారికి బావులు మూయబడినవి, పనులు పోయినవి, కొందరు కొట్టబడిరి. కూటికొరకు మతము మారినవాడు కూటికి మూలమైన యజమానుని ఎదిరింపడు. ఐహికమును వెనుకకు నెట్టి దైవమునకు ముందు వరుస యిచ్చిన ఆ ఘడియయే, తరతరములుగ ఎవ్వరును కదల్పలేని ఐహిక వ్యవస్థలో ఒక మూలరాతిని కదిపినది. ఆత్మను గూర్చి మాత్రమే పలుకుచున్నామనుకొన్న బోధకులకును, పొట్టను గూర్చి మాత్రమే ఆలోచించుచున్నారని నిందించిన విమర్శకులకును ఇది సమానముగ ఆశ్చర్యకరము.

ఇచట తరిమెల గ్రామమునందే జన్మించిన మరియొకని స్మరింపక తప్పదు. 1952 ఎన్నికలలో అనంతపురమున నీలం సంజీవరెడ్డిని ఓడించిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి, తాకట్టులో భారతదేశము అను గ్రంథమును వ్రాసినవాడు, తన జీవితమంతయు పేదవాని భూమిని గూర్చియే పోరాడెను. ఆ పక్షమువారి వాదము మనకు తెలియనిది కాదు: పరలోకమును ముందు నిలుపుట ఇహలోకపు దోపిడిని మరపించు మత్తు, మొదట నేల, మొదట కూలి, తరువాతనే తక్కిన వన్నియు. ఈ వాదములో సత్యమున్నది. ఉన్నవాడు లేనివానికి వైరాగ్యము బోధించునపుడెల్ల అది అక్షరాల నిజమగును. అయితే పైన చెప్పిన ఆదివారపు నిరాకరణమును ఈ వాదము పూర్తిగ వివరింపజాలదు. తనను సృజించి, తనకొరకు ప్రాణమిచ్చినవాడొకడు కలడనియు, తన వెలను నిర్ణయించువాడు మోతుబరి కాడనియు లోపల నిశ్చయించుకొననిదే, ఆకలిగొన్నవాడు కూలిని కాదనుకొని ఇంట కూర్చుండుట సంభవింపదు. భయము తొలగిన పిమ్మటనే మనుష్యుడు నేల నడుగును. భయమును తొలగించిన దేదియో దానికి ముందు వరుస చెందును.

అట్లయిన ఈ బోధలోని దోషమెచట? దానిని పలుకు నోటియందు. విశ్వాసమును ముందు నిలుపుమను విధి ఎవనికి వాడు విధించుకొనదగినది. ఒకడు మరియొకని ఆకలిపై విధింపదగినది కాదు. సువార్తలను ఈ దృష్టితో చదివినచో క్రమము చక్కగ కనబడును. అరణ్యమున నలువది దినములు పస్తున్న క్రీస్తు, రాళ్లను రొట్టెలు చేసికొమ్మను ప్రేరణమును త్రోసివేసెను; అది తన ఆకలి. అదే క్రీస్తు తన వెంట వచ్చిన జనసమూహమును ప్రొద్దుక్రుంకిన వేళ పస్తు పంపుట కొల్లక రొట్టెలు విరిచి పంచెను. అది ఇతరుల ఆకలి. వస్త్రములేని సహోదరుని సమాధానముతో పొమ్మని దీవించి పంపు విశ్వాసమును యాకోబు తన లేఖలో మృతమని తేల్చెను. సిలోయములో గోపురము కూలి చచ్చినవారు తక్కినవారికన్న పాపులా యని తనవద్దనున్న జనులను నిలదీసి, కాదని తానే చెప్పిన గురువు మాటను, కరువు వచ్చినపుడెల్ల ఈ ఊరి పాపమే దీనికి కారణమని గద్దించు బోధకులు మరల చదువుట మంచిది. మార్త వంటపనిలో సతమతమగుచుండగా మరియ పాదములవద్ద కూర్చుండి వినుట ఉత్తమమని చెప్పబడినది నిజమే. కాని ఆ యింట ఆ దినమున పస్తున్నవారెవ్వరును లేరు.

ఈ విషయమున అనంతపురమునకు దక్కిన ఉదాహరణము మిక్కిలి విలక్షణమైనది. 1920లో బార్సిలోనా నగరమున జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ జెస్విట్ సభలో చేరి 1952లో భారతదేశమునకు వచ్చెను. మానవుడు దైవమును స్తుతించి సేవించుటకును, తద్ద్వారా తన ఆత్మను రక్షించుకొనుటకును సృజింపబడెననియు, ఆరోగ్యమైనను అనారోగ్యమైనను, కలిమియైనను లేమియైనను ఆ గమ్యమునకు తోడ్పడునంతవరకే గ్రాహ్యమనియు ఆ సభా స్థాపకుడగు ఇగ్నేషియసు లొయోలా బోధ. ఆ శిక్షణలో పెరిగినవాడు మహారాష్ట్రములోని మన్మాడున రైతులచే బావులు త్రవ్వించుటకు పూనుకొనెను. 1968లో దేశమును విడిచి పొమ్మని ఉత్తరువు వెలువడగా, జనుల ఆందోళనముమీద మరుసటి యేడు తిరిగి రానిచ్చిరి. అపుడాయన ఎన్నుకొన్నది అనంతపురము. 1970లో సభను విడిచెను, ఆన్ పెర్రీని వివాహమాడెను. వారి గ్రామీణాభివృద్ధి సంస్థ ఊరూర చెరువులు, బావులు, పాఠశాలలు, ఇండ్లు కట్టించినది, ఆ యిండ్లను ఆడువారి పేర వ్రాయించినది, బత్తలపల్లిలో ఆసుపత్రి నెలకొల్పినది. 2009 జూన్ 19న ఆయన అనంతపురముననే కాలధర్మము నొంది, బత్తలపల్లిలో సమాధి చేయబడెను.

కఠినముగ విచారించువాడు ఇట్లడుగును: ఈయన బాప్తిస్మములు విడిచి బావులు చేపట్టెనే, ఆత్మను విడిచి నీటిని పట్టుకొనెనే, ఇది క్రమమును తలక్రిందులు చేయుట కాదా? ఆయన వ్రతమును విడిచిన సంగతిని గూర్చి తీర్పు చెప్పుట నా పని కాదు. అది ఆయనకును దైవమునకును నడిమి విషయము. అయితే విడిచినది దేనినో పట్టినది దేనినో లెక్కించునపుడు, ఒక్కటి మాత్రము మరువరాదు. తన దేశము, తన సభ, అందు తనకు గల స్థానము అను ఐహిక ప్రయోజనములనన్నిటిని ఆయన వెనుకకు నెట్టెను. ఇతరుల నీటిని మాత్రము ముందుకు తెచ్చెను. పైన చెప్పిన సూత్రమును దీనికి అన్వయించి చూచిన, తన విషయమున వైరాగ్యము, పరుల విషయమున అనురాగము అను రెండును ఇచట ఒక్క మనుష్యునియందు కలిసియున్నవి. ఆయన బోధింపలేదని బాధపడువారు, బోధించుచు త్రవ్వనివారిని గూర్చియు అంతే బాధపడవలెను.

క్లౌ దొర బాప్తిస్మమును ధాన్యమునుండి వేరు చేసెను. ఫెర్రరు నీటిని బోధనుండి వేరు చేసెను. నేటి కాలమున ఈ రెండింటిని మరల ముడివేయు ఒక బోధ పట్టణములనుండి పల్లెలకు వ్యాపించుచున్నది. పెద్ద పెద్ద ప్రకటనలతో జరుగు స్వస్థతకూటములలో, విశ్వసించినచో అప్పు తీరును, కానుక వేసినచో నూరంతలు వచ్చును, వీసా దొరకును, బోరులో నీరు పడునని చెప్పబడుచున్నది. దీనిని వినువారిని నేను నిందింపను; ఆకలి రుచి యెరుగదు, అప్పు విచక్షణ నెరుగదు. కాని ఈ బోధలో ముందు వరుస పొందినది దైవరాజ్యము కాదు, బోరు. దైవము దానికి సాధనమయ్యెను. వర్షము నీతిమంతులమీదను అనీతిమంతులమీదను ఒకే తీరున కురియునని కొండమీది ప్రసంగమున స్పష్టముగ బోధింపబడియుండగా, కానుక వేసినవాని చేనిపై మాత్రమే మేఘము నిలుచునని చెప్పువానిని అనంతపురపు రైతు నమ్మరాదు. ఒక గట్టునకు ఇవతల క్రైస్తవుని చేను, అవతల హిందువుని చేను, ఆ పైది ముసల్మానుని చేను. పడితే మూటికిని పడును, ఎండితే మూడును ఎండును. ఈ సంగతి అతనికి ఏ శాస్త్రము చదువనక్కరలేకయే తెలియును. అంజూరము పూయక, ద్రాక్ష కాయక, చేను పండక, దొడ్డిలో గొర్రె మిగులక పోయినను దైవమునందు ఆనందింతునని ప్రకటించిన హబక్కూకు ప్రవక్త ఈ మెట్టలో పుట్టినవాడు వలె కనబడును. అతడు వాన రాదని తెలిసికొనియు ప్రార్థించిన మనుష్యుడు. వానకొరకు ప్రార్థించుట తగును. వాన రానిచో ప్రార్థన మానుట మాత్రము, తాను ఇంతకాలము కొలిచినది వాననే యని ఒప్పుకొనుట యగును.

ఈ గంభీర విషయములు గ్రామసంఘములలో ఎట్లు రూపు దాల్చునో చూడగోరువారు కోత పండుగనాడు ఒక పల్లె గుడికి పోవలెను. ఆరాధన ముగిసిన పిమ్మట వేపచెట్టు నీడను గోనెపట్టా పరచి, జనులు తెచ్చిన ప్రథమఫలములను దానిపై పేర్తురు: వేరుసెనగకాయలు, కొఱ్ఱలు, జొన్నకంకులు, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు. సంఘపెద్ద నిలుచుండి పాట పెట్టును. పది రూపాయలకు మొదలైన గుమ్మడికాయ నవ్వులమధ్య నూటికి చేరును. ఒక ముసలామె తన పుంజును తానే పాడుకొని, రూకలు లెక్కించి అయ్యగారి చేతికిచ్చి, ఆ పుంజును మరల గుడికే వదలి పోవును. పండిన యేట ఇది వేడుక. పండని యేట అదే పట్టాపై తాలుకాయలు నాలుగు చేరలుండును. ఆ యేటి పాటలో నవ్వు తక్కువ, కాని పాట మానరు. డోర్నకల్లు అధ్యక్షుడుగ 1912లో అభిషేకము పొందిన అజరయ్యగారి సంఘములలో, ప్రతి వంటపూట ఎసటిలో బియ్యము పోయకమునుపు ఒక పిడికెడు తీసి దేవునికని వేరు కుండలో వేయు ఆచారము స్త్రీలలో ఉండెడిది. తిన్న పిమ్మట మిగిలినది ఇచ్చుట కాదు. చాలునో చాలదో తెలియకమునుపే తీయుట. దైవమునకు ముందు వరుస అను మాటకు ఇంతకన్న స్పష్టమైన వ్యాఖ్యానము నాకు ఏ వేదాంతగ్రంథమునను కనబడలేదు. అయితే ఆ పిడికెడు ఆ తల్లి తనంతట తీసినది. మరియొకడు ఆమె కుండలో చేయిపెట్టి తీసినచో దానికి వేరొక పేరు కలదు.

ఇక నేటి యువకుల నెల్లర పీడించు ఒక చిక్కును గూర్చి మౌనము వహించుట న్యాయము కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులమునకు చెందినవాడు హిందూమతమును వీడినచో ఆ కులమునకు గల సౌకర్యములు కోల్పోవును. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును మినహాయింపు లభించినను క్రైస్తవులకు లభింపలేదు. మన రాష్ట్రమున అట్టివారికి వెనుకబడిన తరగతులలో సి వర్గము క్రింద నూటి కొక్కటి మాత్రమే కేటాయింపు. కావున ఆదివారము గుడిలో పాడు పిల్లవాడు సోమవారము ధ్రువపత్రమున హిందువని వ్రాయించుకొనుట పల్లెపల్లెకును జరుగుచున్నది. మనస్సాక్షికి వెల కట్టు శాసనము న్యాయమా యను చర్చ న్యాయస్థానములలో చిరకాలముగ నడచుచున్నది. దానిని అచటనే యుండనిండు. సంఘమువారు తేల్చుకొనవలసినది వేరు. అబద్ధము పేదరికముచే శుద్ధి కాదు, నిజమే. అయినను వేదికపైనుండి ఆ పిల్లవానిని పేరెత్తి గద్దించు పెద్దమనుష్యులలో, మిషను కాలమునుండి సంక్రమించిన స్థలములను, పాఠశాలలను, కళాశాలల సీట్లను ఆ పిల్లవాని కొరకు వినియోగించినవారెందరు? విశ్వాసమును ముందు నిలుపుటవలన వానికి కలుగు నష్టములో తాము భాగము పంచుకొనని సంఘము, ఆ నష్టమును భరింపుమని వానికి ఆజ్ఞాపింప నర్హము కాదు. వాడు తనంతట సత్యమును వ్రాసి సీటును పోగొట్టుకొన్నచో వాడు మనకందరకు గురువు. వ్రాయలేకపోయినచో ఆ దోషములో సగము మనది.

విశ్వాసమునకు ముందు వరుస చెందవలెనను బోధ కరువు నేలపై అబద్ధము కాలేదు. కాలువ నేలపైకన్న ఇచటనే దాని నిజము గట్టిగ తేలినది. ఏలయన వాన కురిసినను కురియకున్నను నిలుచునదే విశ్వాసమని కరువు తక్క మరేదియు రుజువు చేయజాలదు. అయితే ఆ రుజువు చూపవలసినవాడు విశ్వాసి, అడుగువాడు దైవము. నడుమ మూడవవాడు చేరి, ఆకలిగొన్నవానిని పరీక్షించుటకు పూనుకొనరాదు.

కావున సంఘములను నడుపువారికి నా మనవి యిది. కరువు వచ్చిన యేట అది ఎవరి పాపఫలమని ప్రసంగింపకుడు. కోత పండుగ పాటలో వచ్చిన రూకలలో కొంతభాగము ఆ పల్లెలోనే, మతము నడుగక, పొయ్యి వెలుగని యిండ్లకు చేర్చుడు. ఆ లెక్కను గుడి గోడపై వ్రాయుడు. సాయము చేయుచున్న దినములలో బాప్తిస్మమునకు తొందరపడకుడు. చదువరులారా, మీ ఆకలి విషయమున విశ్వాసమును ముందు నిలుపుకొనుడు; పొరుగువాని ఆకలి విషయమున అన్నమును ముందు పెట్టుడు. ఈ క్రమమును తారుమారు చేయకుడు.